ట్విస్టర్ 4కె డిస్క్: ఆవు షాట్ ఎందుకు మెత్తగా ఉంటుంది, మిగతాది ఎక్కడ చెడుతుంది

ఇంట్లో సినిమా చూసే ఫార్మాట్ ఏది వచ్చినా ‘ట్విస్టర్’ అందులోకి వస్తూనే ఉంది. 1996 మేలో థియేటర్లకు వచ్చిన ఈ సుడిగాలుల సినిమా, 1997 మార్చిలో అమెరికాలో డీవీడీ మొదలైనప్పుడు వార్నర్ వదిలిన తొలి డిస్కుల్లో ఒకటి. 2008 మేలో బ్లూరేగా వచ్చింది. అప్పటికే బ్లూరేతో పోటీలో ఓడిపోయిన హెచ్‌డీ డీవీడీ మీద కూడా అదే నెలలో వచ్చింది. 2024 జులై 9న, సీక్వెల్ ‘ట్విస్టర్స్’ విడుదలకు సరిగ్గా పది రోజుల ముందు, 4కె అల్ట్రా హెచ్‌డీ బ్లూరేగా డాల్బీ అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే) సౌండ్‌తో మళ్లీ వచ్చింది.

ఈ డిస్క్ కొన్నవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. మామూలు షాట్లలో చొక్కా నేత కూడా కనిపిస్తుంటే, ఆవు ఎగిరే షాట్, చివరి పెద్ద సుడిగాలి షాట్లు ఎందుకు కాస్త మెత్తగా ఉన్నాయి? డిస్క్ పాడైందా? పాడవలేదు. అది ఆ షాట్లు పుట్టిన తీరు.

అప్పట్లో ఎఫెక్ట్స్ షాట్ తయారయ్యే దారి ఇది. 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన షాట్‌ను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు. అక్కడ ధూళి కణాల్ని లెక్కకట్టి కదిలించి సుడిగాలిని తయారుచేసి, షాట్‌లో కలిపేవారు. ఈ సినిమాకు ఆ పని చేసింది ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్, పర్యవేక్షకుడు స్టెఫెన్ ఫాంగ్‌మైయర్. కలిపిన బొమ్మను ఫిల్మ్ రికార్డర్‌తో మళ్లీ కొత్త ఫిల్మ్ మీద ముద్రించి, మిగతా సినిమాతో జోడించేవారు. ఆ రోజుల్లో కంప్యూటర్‌లో ఈ పని దాదాపు 2కె ప్రమాణంలో, అంటే అడ్డంగా 4కెలో సగం చుక్కలతో, జరిగేది. అంటే ఇప్పుడు 4కెలో చూసినా, మామూలు షాట్‌లో లెన్స్ పట్టిన అసలు వివరం ఉంటుంది. ఎఫెక్ట్స్ షాట్‌లో 2కె వివరం, దాని మీద ఇంకో పొర గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్నటి రేణువులు) ఉంటాయి. షాట్ మారిన క్షణంలో ఆ తేడా కంటికి తగులుతుంది.

దాన్ని సరిచేయాలంటే ప్రతి షాట్‌నూ కొత్తగా తయారుచేయాలి. అలా చేస్తే అది 1996 నాటి పని కాకుండా పోతుంది. జుమాంజీ సినిమాలోని జీబ్రా డిజిటల్ మోడల్‌నే మార్చి ఈ ఆవును చేశారు. ఆ పనితనం ఎలా ఉందో అలా చూడడమే నాకిష్టం. కాబట్టి టీవీలో నాయిస్ రిడక్షన్, షార్ప్‌నెస్ పెంచి దీన్ని ‘బాగుచేయాలని’ చూడకండి. గ్రెయిన్‌తో పాటు సుడిగాలిలోని సన్నటి ధూళీ తుడిచిపెట్టుకుపోయి, బూడిద రంగు మైనపు ముద్ద మిగులుతుంది.

ఇంకో విషయం కూడా డిస్క్ తప్పులాగే కనిపిస్తుంది. కారులో కూర్చున్న మనుషుల ముఖాలు బాగా వెలుగుతూ, కిటికీ బయట ఆకాశం నల్లగా ఉంటుంది. ఓక్లహోమాలో షూటింగ్‌కి కావాల్సిన మబ్బు దొరక్క ఎండ కాసిన రోజుల్లో, కారులోపల చాలా బలమైన లైట్లు పెట్టి, ఎక్స్‌పోజర్ తగ్గించి, ఆకాశం చీకటి పడేలా తీశారు. ఆ లైట్ల దెబ్బకు ముఖ్య నటులు హెలెన్ హంట్, బిల్ పాక్స్‌టన్ కళ్లు కొంతకాలం ఇబ్బంది పడ్డాయి కూడా. ముఖాల వెలుగు తగ్గించాలని కాంట్రాస్ట్ తిప్పితే, రాత్రి సీన్లన్నీ మట్టిలో కలుస్తాయి.

ఇక కొనడం గురించి. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బంధువుల చేత డిస్క్ తెప్పించుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి: 4కె డిస్కులకు రీజియన్ గోడ లేదు. అమెరికాలో కొన్న 4కె డిస్క్ హైదరాబాద్‌లో, విజయవాడలో ఏ 4కె ప్లేయర్‌లోనైనా ఆడుతుంది. మామూలు బ్లూరేకి అలా కాదు. అమెరికా ఎ రీజియన్, భారత్ సి రీజియన్. కొన్ని బ్లూరేలకు తాళం ఉంటుంది, కొన్నింటికి ఉండదు. అట్ట వెనక గుర్తు చూడాలి. డీవీడీకైతే అమెరికా 1, భారత్ 5. పెట్టెలో డిజిటల్ కోడ్ కాగితం ఉంటే దాన్ని భారత్‌లోని అకౌంట్‌లో వాడుకోవచ్చనుకుని డబ్బు ఎక్కువ పెట్టకండి, ఆ కోడ్లు అమ్మిన దేశానికే పరిమితం.

ప్లేయర్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. పీఎస్4, పీఎస్4 ప్రో రెండూ 4కె డిస్క్ చదవవు. డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 చదువుతుంది. కంప్యూటర్‌లో చూద్దామనుకుంటే ఇంకా కష్టం: అధికారిక 4కె డిస్క్ ప్లేబ్యాక్‌కి ఇంటెల్ ప్రాసెసర్‌లోని ఎస్‌జీఎక్స్ అనే భద్రతా ఏర్పాటు కావాలి, దాన్ని ఇంటెల్ 11వ తరం కోర్ ప్రాసెసర్ల నుంచి తీసేసింది. కొత్త ల్యాప్‌టాప్ కొనడం వల్ల ఈ పని జరగదు. ఒప్పో 2018లో, శాంసంగ్ 2019లో ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకున్నాయి, కాబట్టి విడి ప్లేయర్ అంటే ముఖ్యంగా సోనీ, పానసోనిక్ మిగిలాయి. అమెరికా నుంచి ప్లేయర్ తెస్తుంటే వెనక లేబుల్ మీద 100–240 వోల్టులని ఉందో, 120 వోల్టులని మాత్రమే ఉందో ప్లగ్ పెట్టకముందే చదవండి. 120 మాత్రమే అయితే స్టెప్ డౌన్ కన్వర్టర్ తప్పనిసరి. ప్లేయర్ వాడే కరెంటు తక్కువే, 100 వాట్ల కన్వర్టర్ సరిపోతుంది.

టీవీకి కలిపాక హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను మరింత విస్తారంగా చూపే పద్ధతి) రాకపోతే, పదిలో తొమ్మిది సార్లు టీవీలో హెచ్‌డీఎంఐ పోర్ట్ పాత పద్ధతిలో ఉండిపోవడమే కారణం. సోనీ టీవీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్‌ని ‘ఎన్‌హాన్స్‌డ్’కి మార్చాలి. ఎల్‌జీలో దాన్ని ‘డీప్ కలర్’ అంటారు, శాంసంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’. ఏ పోర్ట్‌లో కేబుల్ పెట్టారో ఆ పోర్ట్‌కే మార్చాలి. కేబుల్ 18 గిగాబిట్లు మోయగలిగేది కావాలి. పాత కేబుల్ అయితే తెర మధ్యమధ్యలో నల్లబడి మళ్లీ వస్తుంది, లేదా చుక్కలు మెరుస్తాయి. పిక్చర్ మోడ్ ఫిల్మ్‌మేకర్ లేదా సినిమా, మోషన్ స్మూతింగ్ (టీవీ తనే మధ్య ఫ్రేములు కల్పించడం) పూర్తిగా ఆఫ్, ప్లేయర్‌లో 24పీ (సెకనుకు 24 ఫ్రేములు) ఆన్. స్మూతింగ్ వదిలేస్తే ఎగిరే చెక్కముక్కల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, ఎందుకంటే దిక్కు తెలియకుండా తిరిగే వందల ముక్కల మధ్య ఫ్రేమ్‌ను టీవీ ఊహించలేదు. ఈ సినిమా నిండా ఉన్నవి అవే.

వెలుగు తక్కువ ఉన్న బడ్జెట్ 4కె టీవీల్లో హెచ్‌డీఆర్ బొమ్మ మొత్తం చీకటిగా రావచ్చు. 1969లో జరిగే మొదటి రాత్రి సీన్ పెట్టి చూడండి. నేలమాళిగలో ముఖాలు ఆనవాలు పట్టలేకపోతే ముందు గదిలో లైట్లు ఆర్పి, డైనమిక్ టోన్ మ్యాపింగ్ (బొమ్మ వెలుగును టీవీ శక్తికి తగ్గట్టు సర్దే అమరిక) ఆన్ చేయండి. అప్పటికీ కుదరకపోతే ప్లేయర్‌లోనే హెచ్‌డీఆర్‌ని ఎస్‌డీఆర్‌గా, అంటే పాత మామూలు వెలుగు పద్ధతిలోకి, మార్చి పంపండి. పేరుకు హెచ్‌డీఆర్ అయి కళ్లు చిట్లించుకుని చూసేకన్నా అది మేలు.

4కె తేడా ఎంత కనిపిస్తుందనేది దూరాన్ని బట్టి. 55 అంగుళాల టీవీకి ఏడడుగుల కన్నా దూరంగా కూర్చుంటే మామూలు బ్లూరే పిక్సెల్‌నే కన్ను విడదీయలేదు. పైగా సినిమా 2.39 వెడల్పు నిష్పత్తిలో ఉంది. పైనా కిందా నల్లపట్టీలు పోగా 2160 గీతల్లో బొమ్మకి మిగిలేవి సుమారు 1600. సోఫా పదడుగుల దూరంలో ఉన్న ఇంట్లో లాభం పదునులో కన్నా రంగుల్లో, చీకట్లలో, సౌండ్‌లో ఎక్కువ.

అసలు నా మటుకు ఈ డిస్క్ కొనాల్సింది సౌండ్ కోసమే. ఈ సినిమాకు ఆస్కార్ నామినేషన్లు వచ్చింది రెండింటికే, విజువల్ ఎఫెక్ట్స్‌కి, సౌండ్‌కి. సుడిగాలి గర్జనలో ఒక పొర ఒంటె మూలుగు, వేగం తగ్గించి వాడారు. అట్మాస్ ట్రాక్ పూర్తిగా రావాలంటే ప్లేయర్‌లో ఆడియోని బిట్‌స్ట్రీమ్‌కి (ట్రాక్‌ను విప్పకుండా ఉన్నదున్నట్టు పంపే పద్ధతికి) మార్చి, సెకండరీ ఆడియో ఆఫ్ చేయాలి. అది ఆన్‌లో ఉంటే ప్లేయర్ ట్రాక్‌ను తనే విప్పి కలిపి పంపుతుంది, రిసీవర్ (స్పీకర్లను నడిపే పెట్టె) మీద అట్మాస్ అక్షరాలు రావు. సౌండ్‌బార్‌ని టీవీ ద్వారా కలిపితే ఈ-ఆర్క్ (టీవీ నుంచి హెచ్‌డీఎంఐ మీద శబ్దం పంపే కొత్త పద్ధతి) ఉండాలి. మామూలు ఆర్క్ అట్మాస్ ఉన్న ఈ ట్రూహెచ్‌డీ ట్రాక్‌ని మోయలేదు, మీకు అందేది డాల్బీ డిజిటల్ 5.1 మాత్రమే.

సబ్‌వూఫర్ ఉన్న ఇంట్లో రిసీవర్‌లో స్పీకర్లన్నీ ‘స్మాల్’, క్రాసోవర్ (ఏ స్వరం కింద శబ్దం సబ్‌వూఫర్‌కి వెళ్లాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్. అరచేతంత చిన్న స్పీకర్లకు 100 నుంచి 120. సబ్‌వూఫర్ వెనక ఉన్న క్రాసోవర్ బిరడాని గరిష్ఠానికి తిప్పేయండి, లేకపోతే రెండు చోట్లా కోత పడి కంఠాలు పలచబడతాయి. రిసీవర్‌తో వచ్చే మైక్‌తో కొలిచాక రిసీవర్ సబ్‌వూఫర్ స్థాయిని మైనస్ 12 అని చూపిస్తే, చాలా రిసీవర్లలో అది అడుగు హద్దు. సబ్‌వూఫర్ వాల్యూమ్ తగ్గించి మళ్లీ కొలవాలి. అది ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఒక పాత పద్ధతుంది: సబ్‌వూఫర్‌ని మీరు కూర్చునే సోఫాలో పెట్టి, బేస్ ఉన్న సీన్ నడిపించి, గోడ వెంబడి కింద వంగి నడుస్తూ వినండి. ఎక్కడ మోత సమంగా వినిపిస్తే అక్కడ దాన్ని పెట్టండి. మూలలో గట్టిగా వినిపిస్తుంది కానీ ఒకే స్వరం బుస్సుమని మోగుతుంది, సుడిగాలికీ ట్రక్కుకీ తేడా తెలియదు. చిన్న డ్రైవర్ ఉన్న సబ్‌వూఫర్ ఇందులోని లోతైన బేస్‌కి టపటపమని కొట్టుకుంటే వెంటనే తగ్గించండి, కోన్ పాడైపోతుంది.

పైకి శబ్దం కొట్టే అట్మాస్ స్పీకర్లకు చదునైన గట్టి సీలింగ్ కావాలి. ఏడున్నర నుంచి పన్నెండడుగుల ఎత్తు బాగుంటుంది. మన ఇళ్లలో పదడుగుల స్లాబ్ దీనికి చక్కగా సరిపోతుంది. అడ్డం వచ్చేది సీలింగ్ ఫ్యాన్. స్పీకర్‌కీ సోఫాకీ సరిగ్గా మధ్యలో ఫ్యాన్ ఉంటే రెక్కలకు తగిలి శబ్దం చెదురుతుంది, స్పీకర్‌ని పక్కకు జరపండి. అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట చూస్తే మొత్తం వాల్యూమ్ తగ్గించి, సెంటర్ స్పీకర్ 2–3 డెసిబెల్స్ పెంచండి. తుఫాను మధ్యలో మాటలు వినబడతాయి, కిందింటివాళ్ల నిద్రా చెడదు.

అదనపు వీడియోల్లో ఈ డిస్క్‌కి కొత్తగా చేరింది ‘ద లెగసీ ఆఫ్ ట్విస్టర్: టేకెన్ బై ద విండ్’. మిగతావి పాత డిస్కుల నుంచే వచ్చాయి. వాటిలో దర్శకుడు యాన్ డి బాంట్, ఫాంగ్‌మైయర్ కలిసి చెప్పిన కామెంటరీ తప్పక వినాలి.

సినిమా మధ్యలో ఒకే చోట ఆగిపోతుంటే డిస్క్‌ని వెనక్కి పంపేముందు అడుగువైపు లైటు కింద ఏటవాలుగా పట్టి చూడండి. 4కె డిస్క్‌లో సమాచారం పొరల్లో చాలా దగ్గరగా కూరి ఉంటుంది, బ్లూరే పట్టించుకోని వేలిముద్ర దీన్ని ఆపేయగలదు. శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా రుద్దకూడదు. తర్వాత ప్లేయర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, ప్లగ్ తీసి రెండు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. ఇంకో ప్లేయర్‌లో కూడా అదే సెకనులో ఆగితే అది డిస్క్ లోపమే, మార్చమని అడగండి.