కంచె ఖర్చులో సగం అంటే దేనిలో సగం?

మా స్థలానికీ పక్కవారి స్థలానికీ మధ్యనున్న పాత కంచె ఒక వానాకాలంలో ఒరిగిపోతే, కొత్తది నేనే వేయించి, పని పూర్తయిన తర్వాత ఖర్చు లెక్క పట్టుకుని వారి ఇంటికి వెళ్లాను. వారు లెక్క మొత్తం ఓపికగా చదివి, "వేయించే ముందు ఒక్క మాట చెప్పి ఉండాల్సిందండీ" అన్నారు. కంచె ఎత్తు, కడీల మధ్య దూరం, జాలీ మందం, పని ఎవరికి అప్పగించాలన్న సంగతి, అన్నీ నేనే నిర్ణయించి, డబ్బు దగ్గర మాత్రం వారిని భాగస్వాములుగా లెక్కవేశాను. వారు సొమ్ము ఇవ్వలేదు, నేనూ మళ్లీ అడగలేదు.

కొన్ని చోట్ల ముందుగా అడగడాన్ని చట్టమే తప్పనిసరి చేసింది. న్యూజిలాండ్‌లో 1978 నాటి కంచెల చట్టం ప్రకారం పక్కపక్క స్థలాల యజమానులు తగినంత కంచెకయ్యే ఖర్చును సమానంగా భరించాలి. అయితే అడిగేవారు ముందుగా నోటీసు ఇవ్వాలి, అవతలివారు అభ్యంతరం తెలపడానికి 21 రోజుల గడువు ఉంటుంది. కాలిఫోర్నియాలో 30 రోజుల ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇప్పటి కంచెకు వచ్చిన ఇబ్బంది, చేయదలచిన పని, అంచనా వ్యయం, పంపకం తీరు, పనికి పట్టే కాలం ఆ కాగితంలో ఉండాలి. అటువంటి చట్టం లేని చోట కూడా ఈ ఐదు విషయాలూ రాసి ఇవ్వడానికి అడ్డేమీ లేదు.

నా దృష్టిలో అసలు చిక్కంతా "తగినంత" అన్న మాటలోనే ఉంది. హద్దు తెలియడానికీ పశువులు రాకుండా ఉండడానికీ నాలుగడుగుల జాలీ చాలినప్పుడు, నాకు చాటు కావాలని ఆరడుగుల గోడ కట్టించుకుంటే, పక్కవారి వాటా ఆ జాలీ ఖర్చులో సగమే కావాలి. మిగిలినదంతా నేనే భరించాలి. వారు కుక్కను పెంచుకుంటూ, అది దూరకుండా అడుగున దట్టమైన జాలీ కోరితే ఆ అదనపు ఖర్చు వారిది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు ఈ లెక్క మరింత జాగ్రత్తగా వేయాలి. ఒకరు తమ స్థలంలో మట్టి పోయించి ఎత్తు పెంచుకున్నాక ఆ మట్టి జారకుండా కట్టే గోడ కంచె కిందికి రాదు. ఎత్తు పెంచుకున్నవారే దాన్ని కట్టించుకోవడం న్యాయం.

సర్వే విషయం వేరుగా చెప్పనక్కరలేదు, హద్దు మీద ఏ చిన్న అనుమానం ఉన్నా కొలిపించాకే గుంతలు తీయాలి. నాకు తోచినంతవరకు సర్వే రుసుమును మొదటి ఉమ్మడి ఖర్చుగా పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఒక్కరే డబ్బిచ్చి పిలిపించిన సర్వేయరు కొలతను రెండోవారు మనస్ఫూర్తిగా నమ్మడం కష్టం.

రెండేళ్ల తర్వాత వెనకవైపు కంచె వేయవలసి వచ్చినప్పుడు, అటువైపు స్థలం కూడా వారిదే కాబట్టి, ఈసారి రెండు అంచనాలు తీసుకుని ముందే వెళ్లాను. వారు వాటిలో ఒకటి ఎంచి, మూల కడీలకు ఊతం బలంగా ఉండాలని, తర్వాత మరమ్మతుల ఖర్చు కూడా సగం సగమేనని కాగితం మీద రాయించారు. ఇద్దరం సంతకాలు చేశాం. కడీలు పాతే రోజున హద్దురాళ్ల మధ్య తాడు ఒక కొస వారు పట్టుకున్నారు, రెండో కొస నేను పట్టుకున్నాను.