నిమిషానికి ఎన్ని అక్షరాలు?

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం పూట ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. పోయిన నెల ఒకమ్మాయి నోట్సు చూస్తే, రాగి తీగ వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, సెమీకండక్టర్‌లో పెరుగుతుంది అని రాసుంది. సరిగ్గా తలకిందులు. ఇదేంటమ్మా అంటే, "చివర్లో పెరుగుతుందన్నారో తగ్గుతుందన్నారో వినపడలేదు సార్, అడిగేలోపు మీరు తర్వాతి పాయింట్‌కి వెళ్లిపోయారు" అంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు క్లాసు ఫోన్‌లో రికార్డు చేసి, మధ్యలోంచి ఒక్క నిమిషం తీసుకుని విన్నది విన్నట్టు కాగితం మీద రాశాను. 126 మాటలు వచ్చాయి. నిమిషానికి 150 మాటలు మామూలు వేగమేనని అంతటా చెబుతుంటారు కదా, అలాగైతే నేను నెమ్మదిగా మాట్లాడుతున్నట్టే, కానీ ఆ లెక్క ఇంగ్లీషుది. మనకి ‘వెళ్లలేకపోతున్నాను’ ఒక్క మాట, ఇంగ్లీషులో అదే ఐదారు మాటలవుతుంది. అందుకే తెలుగులో అక్షరాలు లెక్కపెట్టాలి. ఒత్తులు విడిగా లెక్కేయకండి, ‘స్త్రీ’ ఒక్క అక్షరమే. బడిలో నేర్చుకున్న గురువు లఘువుల మాత్రలు లెక్కేస్తే ఇంకా కచ్చితంగా తేలుతుంది గానీ అంత అక్కర్లేదు. నాది 455, అంటే సెకనుకి ఏడున్నర అక్షరాలు. ఇంట్లో అమ్మతో మాట్లాడింది రికార్డు చేస్తే 340 దాటలేదు.

అసలు తప్పు ఆ కాగితం మీదే దొరికింది. ఊపిరి తీసుకున్న చోటల్లా గీత గీశాను. అన్నీ వాక్యం మధ్యలోనే! క్రియ దగ్గర గొంతు దించేసి, ఆగకుండా ‘కాబట్టి’ అంటూ తర్వాతి వాక్యంలోకి దూకుతున్నాను. మన భాషలో అవునో కాదో తేలేది ఆ చివరి మాటలోనే, నేను మింగేస్తున్నదీ దాన్నే.

మొదట ప్రతి మాటా సాగదీసి చూశాను, పిల్లలకు విసుగొచ్చింది. పనిచేసింది ఇంకొకటి: క్రియ పూర్తిగా పలికి, మనసులో ఒకటి, రెండు అనుకుని, అప్పుడు ముందుకెళ్లడం. విజయవాడ ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు శ్రద్ధగా వినండి, చివరి అక్షరం ఎంత స్పష్టంగా పలుకుతారో! నేను రోజూ పొద్దున పేపర్లో ఒక వార్త అలాగే పైకి చదువుతున్నాను. ఇప్పుడు 380 దగ్గరున్నాను.

నిన్న అదే పాఠం మళ్లీ చెప్పి పది నోట్సులు తిరగేశాను. తొమ్మిదింట్లో సరిగ్గా ఉంది. పదోవాడు వెనక బెంచీలో, చప్పుడు చేసే ఫ్యాన్ కింద కూర్చుంటాడు. రేపు ఫోన్ ఆ బెంచీ మీదే పెట్టి రికార్డు చేస్తాను.