బరువు ఎడమ కాలి మీదికి

ఎడమవైపు పక్షవాతం వచ్చాక నాకున్న ధ్యాసంతా ఒక్కటే, నడవాలి. "తొందరేముంది సార్, ముందు లేవడం రానివ్వండి" అనేవారు ఫిజియోథెరపిస్టు. పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు మోకాళ్లు దాటేదాకా ముందుకు వంగి కుర్చీలోంచి లేవాలి. నేను లేచేవాణ్ణి గానీ, బరువంతా కుడి కాలి మీదే. అది గమనించి ఆవిడ నా కుడి పాదాన్ని కాస్త ముందుకు జరిపారు. ఇక ఎడమ కాలికి పని తప్పలేదు. రోజూ అదే, విసుగొచ్చేదాకా.

ఒకరోజు ఒక్కో కాలి కిందా ఒక్కో బరువు తూచే మిషన్ పెట్టి నిలబడమన్నారు. సమానంగానే నిలబడ్డాననుకున్నాను. కిందకి చూస్తే కుడివైపు 51 కిలోలు, ఎడమవైపు 17. నా శరీరమే నాకు తప్పు చెబుతోందని ఆ అంకెలు చూశాకే నమ్మాను. కాలిలో బలం ఎంతో కొంత ఉంది, దాని మీద బరువు వేసే ధైర్యమే లేదు. అక్కణ్ణుంచి పారలల్ బార్స్, అంటే రెండు పక్కలా పట్టుకోడానికి ఉండే కడ్డీల మధ్య నిలబడి బరువు అటూ ఇటూ మార్చడమే నా సాధన.

అడుగులు మొదలయ్యాక పాదం వాలిపోయి వేళ్లు నేలకి తట్టుకునేవి. అది తప్పించుకోడానికి కాలిని పక్కనుంచి చుట్టూ తిప్పి వేసేవాణ్ణి. చీలమండకి, పాదం వాలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ వేశాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. కర్ర బాగున్న చేత్తోనే పట్టుకోవాలనీ, మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు వెయ్యాలనీ నేర్పారు.

ఇంట్లోవాళ్లకి ఒక్క మాట. మా అబ్బాయి నన్ను లేపబోయి, ప్రేమకొద్దీ, ఎడమ చెయ్యి పట్టుకుని లాగాడు. చచ్చుబడిన భుజానికి కండరాల పట్టు ఉండదు, కీలు జారుతుంది. వారాల తరబడి ఆ నొప్పితో నిద్ర లేదు. దయచేసి చెయ్యి లాగకండి. నడుముకి బెల్టు కట్టి, అది పట్టుకుని, బలహీనమైన వైపు నిలబడండి.

10 మీటర్లు నడవడానికి మొదట్లో నాకు 40 సెకన్లు పట్టింది, నాలుగు నెలలకి 16. బయట ధీమాగా తిరగాలంటే సెకనుకి 0.8 మీటర్ల వేగం ఉండాలంటారు. అంటే ఇంకా మూడున్నర సెకన్లు తగ్గాలి.

నడుస్తుండగా ఎవరైనా పలకరిస్తే ఇదివరకు టక్కున ఆగిపోయేవాణ్ణి, రెండూ ఒకేసారి కుదిరేవి కావు. నిన్న వరండాలో మా ఆవిడ ఏదో అడిగితే జవాబు చెబుతూనే చివరిదాకా వెళ్లాను. "ఆగలేదండీ మీరు!" అని ఆమె అనేదాకా నేను గమనించనే లేదు.