మూడు వారాల ఖోఖో

మా చిన్నోడు వేసవి క్యాంపులో ఖోఖోకి చేరి మూడు వారాలైంది. మొదటి రోజు ఒక్క రౌండుకే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటే నాకే భయమేసింది. పదేళ్లకే ఆ ఆయాసమేంటి? ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టింది మేమే కదా! 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మావాడికి ఆరు నిమిషాలు కూడా ఉండేది కాదు.

ఖోఖోలో ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి గొంతుక్కూర్చుంటారు. వీపు వెనక ‘ఖో’ అని వినపడగానే లేచి ఉరకాలి. ఆ కూర్చోవడం, లేవడంలోనే ఉంది కష్టమంతా.

నిన్న మట్టికాళ్లతోనే వంటింట్లోకొచ్చి, "అమ్మా, ఇంకాస్త పప్పన్నం" అన్నాడు. తిట్టడం మర్చిపోయి గరిటె అందుకున్నా.