గిల్-గలాడ్ తండ్రి పేరు చెప్పినందుకు నేను పడ్డ తిప్పలు

ఇంగ్లీషు రచయిత టోల్కీన్ అభిమానుల బృందంలో చేరడం చాలా సులువు. పేరు చెప్పాను, ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చదివానన్నాను. "రండి రండి, కూర్చోండి" అన్నారు. ఇష్టమైన పాత్ర ఎవరని అడిగితే ఫరామిర్ అన్నాను. అందరికీ నచ్చింది. ‘హాబిట్’ మీద కబుర్లు కూడా హాయిగా గడిచిపోయాయి.

తర్వాత ఆ ప్రపంచపు పురాతన గాథల పుస్తకం ‘సిల్మరిలియన్’ వంతు వచ్చింది. ఆ వంశవృక్షాలన్నీ కష్టపడి బుర్రకెక్కించుకుని వెళ్లాను. ఎల్ఫులనే అమరుల జాతికి రాజైన గిల్-గలాడ్ ప్రస్తావన రాగానే, "ఫింగాన్ కొడుకు కదండీ" అన్నాను, కాస్త హుషారుగానే.

"కాదండీ, అది తప్పు" అన్నారు ఒక సీనియర్.

"పుస్తకంలోనే ఉందండీ. ఫింగాన్ తన చిన్న కొడుకును ఓడరేవులకు పంపించేస్తాడు, ఆ పిల్లాడే తర్వాత గిల్-గలాడ్ అయ్యాడని రాశారు. ఇదిగో పేజీ."

"ఆ పుస్తకమే తప్పండీ."

అందరూ గొల్లున నవ్వారు. "కొత్తగా వచ్చినవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు" అని ఇంకెవరో అన్నారు. అచ్చయిన పుస్తకం, రచయిత పేరు అట్ట మీదే ఉంది, పేజీ తెరిచి చూపిస్తున్నాను. అయినా తప్పంటే ఇంక దేన్ని నమ్మాలి? ఎందుకు తప్పో ఒక్కరూ చెప్పలేదు. "పన్నెండో సంపుటం చూడండి, మీకే తెలుస్తుంది" అనేసి వేరే విషయంలోకి వెళ్లిపోయారు. తల కొట్టేసినట్టయింది.

ఆ కోపంతోనే చదవడం మొదలుపెట్టాను. టోల్కీన్ 1973లో చనిపోయేనాటికి సిల్మరిలియన్ పూర్తికాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి రాస్తూ, కొట్టేస్తూ, మళ్లీ మొదటికొస్తూ వదిలేసిన రాతప్రతులు గుట్టలుగా మిగిలాయి. ఒకే కథకు నాలుగైదు రూపాలు, వాటిలో కొన్ని సగంలోనే ఆగినవి. కొడుకు క్రిస్టఫర్ వాటిని ఒక్క కథగా కుదిర్చి 1977లో పుస్తకం తెచ్చాడు. గై గావ్రియెల్ కే అనే కుర్రాడు సాయం పట్టాడు. తర్వాత ఆయన కూడా పేరున్న ఫాంటసీ రచయిత అయ్యాడు. పూర్తి పొంతన ఆశించవద్దని క్రిస్టఫర్ ఆ పుస్తకం ముందుమాటలోనే చెప్పాడు. ముందుమాటలు దాటేసేవాళ్లకు ఇదొక్కటే నా సలహా: ఈ పుస్తకానికి మాత్రం ఆ పని చేయకండి.

ఆ తర్వాత 1983 నుంచి 1996 దాకా పన్నెండు సంపుటాల్లో తండ్రి రాతప్రతులను ఆయనే బయటపెట్టాడు. ఏ ముక్క ఎప్పటిది, తాను ఎక్కడ ఏం మార్చాడు, అన్నీ చెప్పాడు. పన్నెండోదాన్ని సూచిక పట్టుకుని వెతికితే దొరికింది. టోల్కీన్ చివరి ఆలోచన ప్రకారం గిల్-గలాడ్ ఒరోడ్రెత్ అనే మరో ఎల్ఫు కొడుకు. సరే, ఆ పెద్దమనిషి చెప్పింది అంతవరకు నిజం.

కానీ ఆయన చెప్పని సంగతి ఆ పక్కనే ఉంది. ఈ చివరి మార్పు కథల్లోకి ఎక్కడా ఎక్కలేదు. అందులో ఒరోడ్రెత్ కూడా ఒక తరం కిందికి జరిగి, ఫిన్‌రోడ్ అనే ఎల్ఫు రాజుకు తమ్ముడల్లా తమ్ముడికొడుకు అయిపోతాడు. అది అచ్చు పుస్తకంలో పెట్టడం కుదరని పని అని క్రిస్టఫరే అన్నాడు. గిల్-గలాడ్ తండ్రి ఎవరో తేల్చకుండా వదిలేసి ఉంటే చాలా బాగుండేదనీ అన్నాడు. అంటే కథలో ఇమిడే జవాబు వేరు, చివరి కాగితాల్లో ఉన్న జవాబు వేరు. ఇంత చిన్న సంగతి రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. కొత్తవాళ్ల ముందు తెలివి ప్రదర్శించే సరదా ఉన్నవాళ్లకు ఆ రెండు వాక్యాలు నోట రావు. తెలిసినవాడు దాచుకుంటే తెలియనివాడికంటే ఏం గొప్ప?

తర్వాతి సమావేశంలో ఆ పేజీ చదివి వినిపించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకావిడ అయితే నోట్సు రాసుకున్నారు కూడా.

మీరు కొత్తవాళ్లయితే, పన్నెండు సంపుటాలతో మొదలుపెట్టమనేవాళ్ల మాట వినకండి. సిల్మరిలియన్ అవ్వగానే 2007లో వచ్చిన ‘ది చిల్డ్రన్ ఆఫ్ హూరిన్’ పట్టుకోండి. అది మొదటినుంచి చివరిదాకా నవలలా సాగుతుంది. ‘అన్‌ఫినిష్డ్ టేల్స్’ ఆ తర్వాత. ఒక్క హెచ్చరిక: అందులో టూర్ అనే వీరుడు ఎంతో దూరం నడిచి, ఏడు ద్వారాలూ దాటి గొండొలిన్ నగరాన్ని చూస్తాడు, కథ అక్కడితో ఆగిపోతుంది. టోల్కీన్ 1951 ప్రాంతంలో అంతవరకే రాసి వదిలేశాడు. నాకు పుస్తకం విసిరికొట్టాలనిపించింది.

సీనియర్ గారు మాత్రం ఇప్పటికీ "ఫింగాన్ తప్పే" అంటున్నారు. అననివ్వండి. వచ్చేసారి థింగల్ రాజు చావు మీద చర్చ. సిల్మరిలియన్‌లో ఆయన రాజ్యం డోరియత్ పతనమయ్యే ఆ అధ్యాయంలో చాలా భాగం క్రిస్టఫర్, కే కలిసి అల్లిందేనని పదకొండో సంపుటంలో ఉంది. పేజీ గుర్తు పెట్టుకునే వెళ్తున్నాను.