పానగల్లు నీడ, సంచిలో పుస్తకాలు

పిల్లలకు పుస్తకాలు చదివే అలవాటు చేయాలని ఉపాధ్యాయులం మేం వాళ్లను పానగల్లు గుళ్లకు తీసుకెళ్లాం. తొమ్మిదో తరగతి పిల్లలు ముప్పై మంది. నల్లగొండలో దిగి పానగల్లు ఆటోలు ఎక్కేముందు ఐదుగురికొకటి చొప్పున ఆరు గుడ్డసంచులు పంచాం. ఒక్కో సంచిలో మూడే పుస్తకాలు: ఒకటి వెలుగు మీద, ఒకటి ఊళ్ల చరిత్ర మీద, ఒకటి కథలు. మూడుకు మించితే పిల్లలు బొమ్మలు తిరగేసి పక్కన పెట్టేస్తారు. గుడి చేరేదాకా సంచి విప్పొద్దన్నాం.

ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. వాటిలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. పిల్లలు వరుసగా వెళ్లి మండపంలో ఒక్కో స్తంభం దగ్గర నిలబడ్డారు, నీడ ఏ స్తంభానిదో తేలలేదు. పుస్తకం ఇవ్వాల్సింది సరిగ్గా అప్పుడే. ప్రశ్న పుట్టకముందే ఇస్తే అది మరో పాఠం అయిపోతుంది. జవాబు మేమే చెప్పేస్తే ఇక సంచి విప్పే అవసరమే ఉండదు.

సూర్యుడి నుంచి నేరుగా వచ్చే ఎండకు పడే నీడ పొద్దుతోపాటు జరుగుతుంది. చెదిరిన వెలుగు ఎప్పుడూ ఒకే సందులోంచి వస్తుంటే నీడ నిలిచిపోతుంది. ఇది చదివాక చెట్టుకింద అట్టపెట్టెతో చూపించాం. ముప్పై సెంటీమీటర్ల పొడవున్న పెట్టెకు ఒక చివర రెండు సెంటీమీటర్ల వెడల్పు సందు, దాని మీద బటర్ పేపర్, రెండో చివర లోపల తెల్లకాగితం, దానికి ఐదు సెంటీమీటర్ల ముందు నిలువుగా పెన్సిల్. సందు బయట టార్చిని అటూ ఇటూ జరపాలి. ఒక్క పొర కాగితమైతే వెలుగు సరిగ్గా చెదరక నీడ కూడా జరుగుతుంది, రెండు పొరలు వేయాలి. పెన్సిల్‌ని సందుకు దగ్గరగా పెడితే నీడ మసకబారి మాయమవుతుంది. ఒక జట్టుకు అదే జరిగింది. కారణం వెతకడానికి వాళ్లే మళ్లీ పుస్తకం తెరిచారు. ఆ పది నిమిషాలూ మేం నోరు మెదపలేదు. ఉపాధ్యాయుడికి అన్నిటికన్నా కష్టమైన పని అదే.

అక్కడి నుంచి పచ్చల సోమేశ్వరాలయానికి. దాని స్తంభాల మీద రామాయణ, భారత ఘట్టాలు చెక్కి ఉన్నాయి, పక్కనే మ్యూజియం. ఇక్కడ సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో జనం ఆటల గురించిన పేజీ ఒకటి పైకి చదివాం. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన పుస్తకమది. భాష బరువే, అందుకే ముందురోజు పది కష్టమైన మాటలకు అర్థాలు చీటీ మీద రాసుకున్నాం. ఆ పేజీ కూడా చివరిదాకా చదవకుండా సగంలో ఆపాం. పుస్తకం మొత్తం చదవమంటే ఈ వయసువాళ్లు బెదిరిపోతారు. పేజీ నంబరు బడిలో బోర్డు మీద రాసి వదిలేస్తే చాలు.

చదివినదానికి సారాంశం రాయమనడం, ఎక్కువ చదివినవాళ్లకు బహుమతి ఇవ్వడం, ఈ రెండూ మేం మానేశాం. సారాంశం అంటే ముందుమాట కాపీ కొడతారు. బహుమతి అంటే సన్నటి పుస్తకాలు ఏరుకుంటారు. పిల్లలు చదవడానికి అన్నిటికన్నా పెద్ద అడ్డంకి బడిలో పుస్తకాల బీరువా తాళం. పుస్తకం చినిగితే తమ జేబులోంచి కట్టాలన్న భయంతో చాలా బడుల్లో ఉపాధ్యాయులు బీరువా తెరవరు. ఈ సంచుల్లోనూ రెండు అట్టలు ఊడాయి. మైదా జిగురు, పాత క్యాలెండర్ కాగితం ఉంటే అరగంట పని.

తిరుగు ప్రయాణంలో సంచులు వెనక్కి తీసుకోలేదు. రిజిస్టర్లో పేరు, పుస్తకం, తేదీ రాయించి, నాలుగో గడి ఖాళీగా ఉంచాం. చదువుతుంటే వచ్చిన ప్రశ్న రాయడానికి.