నాలుగేళ్ల మొక్కు

2021 మే నెలలో నాన్నకు ఆస్పత్రిలో బెడ్డు దొరకలేదు. ఇంట్లోనే పడుకోబెట్టి, ఆక్సిజన్ లెక్క చూసుకుంటూ అమ్మ మొక్కుకుంది, క్రైస్తవ పునీతుడు సెబస్తియానుకు నిలువెత్తు కొవ్వొత్తి ఇస్తానని. నాన్న లేచి తిరిగాడు. మొక్కే, ఇదిగో అదిగో అంటూ నాలుగేళ్లు సాగింది.

అంటురోగాలప్పుడు ఈయన్ని తలుచుకోవడం పాత అలవాటే. 680లో ఇటలీలోని పావియాలో మహమ్మారి ఆయన దయవల్లే తగ్గిందని చెప్పుకుంటారు. అమ్మకు పావియా తెలీదు, పుట్టింటి విచారణ గుడి, అంటే ఆ ఊరి చర్చి, తెలుసు.

పండగ జనవరి 20న. రద్దీకి జడిసి మర్నాడు బయల్దేరాం. నెల్లూరులో బస్సెక్కి ఆత్మకూరు దాటేదాకా నిద్రపోయా. లేచేసరికి ఉదయగిరి కొండ కనబడుతోంది.

పీఠం వెనక టేకు చెక్కడం నా చిన్నప్పటిదే. చెట్టుకు కట్టేసిన సైనికుడు సెబస్తియాను, ఎదురుగా విలుకాళ్లు. కత డయోక్లీషియన్ చక్రవర్తి నాటి రోముది, చెక్కినాయన మాత్రం రోము చూసుండడు. విలుకాళ్లకు తలపాగాలు పెట్టాడు. ఒకడైతే పంచె ఎగ్గట్టాడు. చిన్నప్పుడు నాకు భయం బాణాలంటే కాదు, ఆ పంచెవాడంటే. మొహంలో కోపమే ఉండదు. కూలికొచ్చినోడిలా ఒక కన్ను మూసి గురి చూస్తుంటాడు.

ఈసారి ఒక బాణం తెల్లగా కనబడింది.

"పిల్లకాయలు విరగ్గొట్టారబ్బయా," అంది గుడి ఊడ్చే అవ్వ. "ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ల చేత చేయించాం. నర్ది చెక్క."

తాకి చూశా. గరిటె కాడే, అంత నునుపు!

ఆ బాణాలకే ఆయన చనిపోయాడనుకుంటారు చాలామంది. కాదు. శవాన్ని పూడ్చడానికొచ్చిన ఐరీను అనే విధవరాలు ఊపిరాడుతుండడం చూసి ఇంటికి తీసుకుపోయి బతికించిందంటారు. లేచినాయన పారిపోకుండా చక్రవర్తి కెదురుపోయి నిలదీశాడు. అప్పుడు దుడ్డుకర్రలతో కొట్టి చంపించారు.

చెక్కడంలో ఐరీను కింద మూలన జానెడు బొమ్మ. చేతిలో చెంబు, భుజాన గుడ్డ. పొగచూరి మొహం నల్లబడింది. అమ్మ కొవ్వొత్తిని సెబస్తియాను ముందు కాకుండా ఆ మూలన నిలబెట్టింది. కొంగుతో ఆ మొహం తుడిచింది.

"ఏం మందేసిందో రాయలేదా అత్తా?" అనడిగింది అమ్మ.

"నేను వినలేదు పాపా," అంది అవ్వ, చీపురు గోడకానిస్తూ. "గంజి తాపించే ఉంటుందిలే."